కొల్లాపూర్‌లో అమ్మమ్మ ఇంటి మేడగది చెక్క నేల: పీకేసి స్లాబు వేయాలా, చెక్కనే బాగు చేయాలా?

కొల్లాపూర్_మనవరాలు:

అందరికీ నమస్తే. నేను నాగర్‌కర్నూల్‌లో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇల్లు కొల్లాపూర్‌లోది, మా అమ్మ పుట్టిల్లు. కింద సాయమాను, రెండు అర్రలు, వంటిల్లు. పైన ఒకటే గది, దానికి బెంగళూరు పెంకుల కప్పు. ఆ పై గది నేల మొత్తం చెక్కే. ఉత్తర దక్షిణాలు 12 అడుగులు, తూర్పు పడమరలు 14 అడుగులు. వంటింట్లో నిలబడి పైకి చూస్తే రెండు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా 24 దంతెలు, ఆ పైన పలకలు కనిపిస్తాయి. ఎండాకాలం సెలవుల్లో ఆ గదినిండా మామిడికాయలు మాగేసేవాళ్లు. మేం పిల్లలం వాటి పక్కనే పడుకునేవాళ్లం.

మొన్న వానల్లో ఇనుప ట్రంకుపెట్టె కిందికి దించుదామని లాగుతుంటే ఈశాన్యం మూలన పలక విరిగి నా కాలు మోకాలిదాకా దిగిపోయింది. కింద వంట చేస్తున్న అమ్మ పైకి చూసి "ఎవరిదే ఆ కాలు!" అని ఒకటే అరుపు. చర్మం గీరుకుపోయిందంతే. టీటీ సూది వేయించుకున్నా.

తర్వాత ఆ పలక తీసి చూశాను. పైకి బంగారంలాంటి పలక, గోరుతో గీస్తే గీత కూడా పడదు. తిరగేస్తే గోడవైపు జానెడు మేర తేనెపట్టులా బొక్కలు. దాని కింద దంతె చివరను పట్టుకుంటే చాయలో ముంచిన రస్కులా చేతిలోకి వచ్చేసింది. అది కూర్చున్న గోడ బొరియలో చెదల మట్టి, చింతగింజలు, ఎలుక పోగేసిన గుడ్డపీలికలు, ఒక ఐదు పైసల బిళ్ల. కానీ అదే దంతెను మూడడుగులు ఇవతల సుత్తితో కొడితే ఖంగుమంటోంది. నాకు అర్థం కానిది ఇదే.

ఇప్పటికి ముగ్గురు మూడు మాటలు చెప్పారు. కాంట్రాక్టరు: చెక్కంతా పీకేసి 5 అంగుళాల స్లాబు, పైన టైల్స్, 4 లక్షల 20 వేలు. పాత టేకు తనే తీసుకుపోయి అందులో 30 వేలు తగ్గిస్తాడట. మా వీధి సుతారి: ఇనుప గడ్డర్లు వేసి వాటి మీద తాండూరు బండలు పరుద్దాం. మా తమ్ముడు: ఉన్నదాని మీదే ప్లైవుడ్ కొట్టి వినైల్ షీటు వేసేద్దాం, ఎవరికి కనిపిస్తుంది?

అమ్మ మాత్రం దూలాలు ముట్టుకోనివ్వనంటోంది. కారణం ఉంది. పడమటి దూలం మొదట్నుంచీ ఈ ఇంటిది కాదు. శ్రీశైలం డ్యాం నీళ్లకు కృష్ణ ఒడ్డున మా పెద్దమ్మమ్మ వాళ్ల ఊరు మునిగేముందు అక్కడివాళ్లు ఇళ్లు విప్పుకొని దర్వాజలు, దూలాలు బండ్ల మీద తెచ్చుకున్నారు. అప్పుడొచ్చిన దూలం ఇది. పాత ఇంట్లో వేరే దంతెలు కూర్చున్న గాడులు ఇంకా దాని మీద ఉన్నాయి. "ఆ ఊరిది మిగిలింది ఇదొక్కటే" అంటుంది అమ్మ.

పాడైనంతవరకే మార్చడం అయ్యే పనేనా? అయితే ఎక్కడ మొదలుపెట్టాలి?

దేవరకొండ_సైటింజనీర్:

మేడమ్, ముందు ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వకండి. కింద వంటింట్లో ఉత్తరం గోడకు రెండడుగులు ఇవతల రెండు దూలాల కిందా సెంట్రింగ్ జాకీలు, అంటే స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే మర ఉన్న ఇనుప కాళ్లు, ఆసరాగా పెట్టించండి. జాకీ అడుగున మందపాటి చెక్క వేయాలి, లేకపోతే మీ కింది బండ పగులుతుంది. మిగతా ఆలోచన ఆ తర్వాత.

లెక్కల టీచరు కాబట్టి లెక్కే చెప్తా. మీ గది 168 చదరపు అడుగులు. 5 అంగుళాల స్లాబు చదరపు అడుగుకు దాదాపు 29 కిలోలు తూగుతుంది, అంటే 4.9 టన్నులు. టైల్స్, వాటి కింద మాలు కలిపితే 6 టన్నులు దాటుతుంది. ఇప్పుడున్న పలకలు, దంతెలు, దూలాలు అన్నీ కలిపినా 6 క్వింటాళ్లు మించవు.

మీ గోడలు మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలే అయ్యుంటాయి, రెండడుగుల మందం. నిలువు బరువు అవి మోయగలవు, ఆ భయం అంతగా లేదు. భయమంతా పీకేటప్పుడు. ఆ రెండు దూలాలు నేలను మోయడమే కాదు, ఉత్తరం గోడను, దక్షిణం గోడను ఒకదానికొకటి పట్టి ఉంచుతున్నాయి. ఒకేసారి రెండూ లాగేసి, స్లాబు కోసం గోడ చుట్టూ గాడి కొట్టి, అందులో తడి కాంక్రీటు పోస్తే మట్టి అడుసు ఏమవుతుందో ఊహించుకోండి. కల్వకుర్తి దగ్గర ఒక ఇంట్లో ఇట్లాగే గోడ బయటికి బొజ్జ వేయడం కళ్లారా చూశాను. గడ్డర్లు, బండలు కొంత నయం. కానీ రెండంగుళాల బండ చదరపు అడుగుకు 12 కిలోలు ఉంటుంది. అదీ తక్కువేం కాదు.

మీ తమ్ముడి ఐడియా అన్నిటికంటే ప్రమాదం. వినైల్ షీటు కింద చెక్కకు ఊపిరాడదు. పైగా ఏది పుచ్చిందో కనబడదు. ఈసారి కాలు కాదు, మనిషే దిగుతారు.

మిర్యాలగూడ_రైస్‌మిల్:

ఇంత కథెందుకు? కూలగొట్టి జీ ప్లస్ వన్ వేసుకోండి. ఈ రోజుల్లో దంతెలేందండీ.

కొల్లాపూర్_మనవరాలు:

@మిర్యాలగూడ_రైస్‌మిల్ అన్నా, జీ ప్లస్ వన్‌కు డబ్బులుంటే ఈ ప్రశ్నే అడగకపోదును. ఉన్నా అడిగేదాన్నేమో.

@దేవరకొండ_సైటింజనీర్ సార్, జాకీలు పెట్టించాను, రోజుకు ఇంత అని కిరాయికి. అమ్మ వంట సాయమానులోకి మారింది. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు గుర్తుచేస్తోంది.

జడ్చర్ల_టు_యార్క్‌షైర్:

అక్కా, మీ పోస్టు చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. మాది జడ్చర్ల దగ్గర. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 1890లలో కట్టిన చిన్న కాటేజీ కొనుక్కొని తల పట్టుకున్నాం. ఇక్కడి పాత ఇళ్లలో కింది నేల కూడా చెక్కే. భూమి మీద చిన్న చిన్న ఇటుక గోడలు కడతారు, స్లీపర్ వాల్స్ అంటారు. వాటి మీద జాయిస్టులు, అంటే మన దంతెలే, దాదాపు 16 అంగుళాలకొకటి. ఆ పైన పలకలు. నేలకూ భూమికీ మధ్య ఖాళీ ఉంటుంది. అందులో గాలి ఆడేందుకు బయటి గోడల్లో చిల్లుల ఇటుకలు పెడతారు, వాటిని ఎయిర్‌బ్రిక్స్ అంటారు.

మా ముందున్నవాళ్లు పెరట్లో బండలు పరిచి ఆ ఇటుకలు పూడ్చేశారు. మేం వచ్చిన రెండో చలికాలం సోఫా కాలు నేలలోకి దిగింది. బిల్డరు వచ్చి అచ్చం మీ కాంట్రాక్టరులాగే చెక్కంతా తీసి కాంక్రీటు నింపుదామన్నాడు. పక్క వీధి పెద్దాయన ఒకాయన ఆపాడు. చెక్క పాడైంది చెక్క తప్పు వల్ల కాదు, నీళ్లు, గాలి సంగతి తేల్చకుండా కాంక్రీటు పోస్తే భూమిలో చెమ్మ పక్కకు పోయి గోడ ఎక్కుతుంది అన్నాడు. పలకలు లేపి చూస్తే జాయిస్టుల నడుములన్నీ గట్టిగా ఉన్నాయి. గోడలోకి దూరిన చివరలే మెత్తబడ్డాయి. మీకు అర్థం కాలేదన్నది ఇదే. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే బూజు తినడం మొదలుపెడుతుంది. గోడలో ఇరుక్కున్న చివర ఆరదు, నడుము ఆరుతుంది.

మేం పెరడు తవ్వి ఎయిర్‌బ్రిక్స్ తెరిచాం. ఇక్కడి రూలు ప్రకారం జాయిస్టు అడుగుకూ భూమికీ మధ్య కనీసం 150 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, గోడ పొడవు మీటరుకు 1,500 చదరపు మిల్లీమీటర్ల గాలి దారి ఉండాలి. పాడైన చివరలు కోసి పక్కన కొత్త ముక్కలు జోడించి బోల్టులు బిగించాం. కింద చెమ్మ ఎక్కకుండా ప్లాస్టిక్ పట్టీ వేశాం. చలికి తట్టుకోవాలని జాయిస్టుల మధ్య వలకట్టి ఉన్ని నింపాం. మీకా బాధ లేదు. మాది పైన్ చెక్క, మీది టేకు. ఆ విషయంలో మీరు మాకంటే ధనవంతులు.

మీ నేల కింద వంటిల్లుంది కాబట్టి గాలికి కొదవ లేదు. అయితే ఆ ఉత్తరం గోడలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? చెక్కలో తేమ చూసే మీటరు, రెండు సూదులుండేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తెప్పించి మూలమూలా గుచ్చి రాసుకోండి.

కొల్లాపూర్_మనవరాలు:

మీటరు వచ్చింది. గ్రాఫు కాగితం మీద నేల గీసుకొని, అడుగడుగుకూ గుచ్చి రాశాను. మా తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిస్తే బాగుండుననిపించింది. గది నడుమ 11, 12. దక్షిణం గోడ దగ్గర 13. ఉత్తరం గోడకు అడుగు ఇవతల 19, గోడను ఆనుకొని 27, తూర్పు దూలం చివర 31.

ఇక నీళ్ల సంగతి. వాన పడే రోజు గొడుగేసుకొని ఉత్తరం సందులో గంటసేపు నిలబడ్డాను. పక్కింటివాళ్ల స్లాబు పర్నాళం సరిగ్గా మా గోడకు ఎదురుగా ఉంది. నీళ్లు నేల మీద పడాల్సింది, గాలికి మా గోడనే కొడుతున్నాయి, పొద్దున్నుంచి సాయంత్రందాకా. వాళ్లు ఆ స్లాబు వేసింది 2010లో. 2011లో మేం ఆ గోడ "ఉరుస్తోంద"ని పాత సున్నం చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. డబ్బులు నేనే ఇచ్చాను, మొదటి పీఆర్సీ ఎరియర్స్. అంటే సగం నేరం నాదే.

ఇప్పుడు ఆ సిమెంటును తడితే చాలాచోట్ల డొల్ల మోత. గీతలు పడిన చోట నీళ్లు లోపలికి పోతున్నాయి కానీ బయటికి రావడం లేదు.

24 దంతెల్లో 7 పోయాయి. ఉత్తరం గోడ వెంబడి మూడు పూర్తిగా, తూర్పు గోడలోకి పోయే నాలుగింటి చివరలు. దూలాలకు ఉత్తరం చివరలు. పలకలు మొత్తం 38, అందులో 11 గోడవైపు జానెడు మేర పాడు. మిగతాదంతా గట్టిదే. అమ్మ దూలం తూర్పుదానికంటే నయం, తొమ్మిది అంగుళాలే చివికింది.

అచ్చంపేట_వడ్లాయన_కొడుకు:

అక్కా, మా నాయన వడ్రంగి. ఆయనకు మీ పోస్టులు చదివి వినిపించాను. ఆయన చెప్పింది రాస్తున్నా.

మొదటిది, చేవ చూడాలి. టేకులో లోపలి చేవను చెదలు తొందరగా ముట్టవు, అంచున ఉండే తెల్లచెక్కనే తింటాయి. మీ 38 పలకల్లో అంచు తెల్లగా ఉన్నవెన్నో, అవే ముందు పోయి ఉంటాయి చూడండి. కొత్త ముక్కలు కొనేటప్పుడు తెల్లచెక్క ఉంటే వద్దనండి, "రంగేస్తే కనబడదు" అంటారు, వినకండి.

రెండోది, పలకలు విప్పేటప్పుడు గడ్డపారతో ఎత్తొద్దు. మేకు తలచుట్టూ సన్నని ఉలితో చెక్కి లాగాలి. ప్రతి పలకకు అడుగున పెయింటుతో నంబరు వేయాలి, బాణం గుర్తుతో ఉత్తరం ఎటో కూడా. శ్రీశైలం నీళ్లప్పుడే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. 38 పలకలకు మనం నంబరేయలేమా అంటాడు నాయన. వేరే చోట వేస్తే పాత పలక కూర్చోదు, ఏళ్ల తరబడి పక్కదానికి ఒరిగి ఉంటుంది.

మూడోది, ఆ 30 వేల బేరం. మీ చెక్కంతా 27 ఘనపుటడుగులైనా ఉంటుంది, అంటే అడుగుకు 1,100. ఆ ధరకు పాత టేకు ఎక్కడన్నా ఉంటే చెప్పండి, మేమే వచ్చి కొంటాం.

దూలం చివరకు నాయన అయితే టేకు ముక్కనే ఏటవాలు అతుకేసి నాలుగు బోల్టులు బిగిస్తానంటున్నాడు.

దేవరకొండ_సైటింజనీర్:

పెద్దాయన మాట దంతెలకు, పలకలకు నూటికి నూరు పాళ్లు సరే. దూలానికి మాత్రం నేను ఒప్పుకోను. గోడ దగ్గర అతుకేస్తే బరువంతా ఆ బోల్టుల మీదే. కుళ్లిన మేర కోసేసి, రెండు పక్కలా 150 మిల్లీమీటర్ల ఇనుప చానెల్ (సి అక్షరంలా వంగిన ఇనుప కమ్మీ) ముక్కలు పెట్టి, మంచి చెక్క మీద కనీసం మూడడుగులు పోనిచ్చి ఆరపార బోల్టులు వేయండి. చానెల్ కొసలు గోడలో తాండూరు బండ ముక్క మీద కూర్చోవాలి. చుట్టూ అర అంగుళం ఖాళీ వదలాలి, సిమెంటుతో పూడ్చేయొద్దు. ఇనుముకు ముందే జింకు ప్రైమరు కొట్టాలి. కింద నుంచి చానెల్ కనబడుతుంది, అందం తగ్గుతుంది, నిజమే.

ఇంకోటి. జాకీతో ఎత్తేటప్పుడు రోజుకు పావు అంగుళం మించొద్దు. నేల వంగింది ఒక్కరోజులో కాదు కదా.

చెదలకు పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే చెదల మందుకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం చేయమనండి, కట్టిన ఇళ్లకు అదే. చెక్కకు మాత్రం బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లు రెండు మూడు పూతలు చాలు. వాన తగిలేచోట అది కడుక్కుపోతుంది, మీకు లోపలే కాబట్టి పర్వాలేదు.

కొల్లాపూర్_మనవరాలు:

చాలా రోజులైంది. దసరా సెలవుల్లో మొదలుపెట్టిన పని సంక్రాంతి సెలవులకు అయిపోయింది. అడిగినవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మొదట చేసింది చెక్కపని కాదు, పక్కింటి పర్నాళం. పక్కింటి బాబాయికీ మాకూ ఆ సందు గురించి పాత పంచాయితీ ఉంది, అమ్మ వెళ్లనంది. నేనే వెళ్లి, పైపు డబ్బులు మావే, మీరు మేకు కొట్టనిస్తే చాలన్నాను. పీవీసీ పైపు, ఎల్బో, క్లాంపులు, మనిషి కూలి కలిపి 1,800 రూపాయలు. దాదాపు 15 ఏళ్ల తడి అంతటితో ఆగింది. 

తర్వాత సిమెంటు ప్లాస్టరు చెక్కేశాం. నలుగురు మనుషులు, మూడు రోజులు. ఊడిన చోట లోపలి మట్టి నల్లగా, ముద్దగా ఉంది. చెయ్యి పెడితే ఫ్రిజ్‌లో పెట్టినట్టు చల్లగా తగిలింది. ఆరు వారాలు గోడను అట్లాగే వదిలేశాం. వీధిలో అందరూ "డబ్బులైపోయినట్టున్నయ్" అన్నారు. తూర్పు దూలం చివర 31 ఉన్నది 18కి దిగాకే కోత మొదలుపెట్టించాను. సున్నంపని తెలిసిన సుతారి దొరకడం మిగతా అన్నిటికంటే కష్టమైంది. చివరికి పెబ్బేరు వైపునుంచి ఒక పెద్దాయన వచ్చి డంగు సున్నంలో (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి గోడ పూశాడు. వాసనకు చీమలు వరస కట్టాయి, రెండు రోజులకు పోయాయి.

దూలాలకు సైటింజనీర్ సార్ చెప్పిన చానెళ్లే. దంతెలకు, పలకలకు అచ్చంపేట పెద్దాయన చెప్పినట్టే. ఆయనే స్వయంగా వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉన్నారు. చానెళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఒక తప్పు జరిగింది. మూడో రోజు సాయంత్రం నేను బడినుంచి రాకముందే కూలివాళ్లు తొందరపడి తూర్పు జాకీ ఒకేసారి అంగుళం ఎత్తేశారు. వంటింటి దర్వాజ బిగుసుకుపోయింది, పైన గోడలో మూరెడు చీలిక. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో. ఫోటో పెడితే సార్ ముప్పావు అంగుళం దింపి నాలుగు రోజులు ఆగమన్నారు. దర్వాజ మళ్లీ ఆడింది. చీలిక అట్లాగే ఉంది, దాని రెండు వైపులా పెన్సిల్ గీతలు పెట్టుకొని నెలనెలా చూస్తున్నా. ఇప్పటికి కదలలేదు.

నేల పూర్తి సమతలానికి రాలేదు. ఉత్తరం వైపు గోళీ వదిలితే నెమ్మదిగా దొర్లుతుంది. పెద్దాయన ఇంకా ఎత్తొద్దన్నారు. మొత్తం ఖర్చు లక్షా 72 వేలు, అందులో ఎక్కువ కూలికే. నాలుగు పలకలు కొత్తవి వేయాల్సి వచ్చింది, రంగు కలవలేదు. మిగతా ఏడింటికి చివర్లు కోసి ముక్కలు జోడించారు.

వినైల్ వేయలేదు. అవిసె నూనె రెండు పూతలు రాశాం.

అమ్రాబాద్_రవాణా:

అక్కా, జాకీలు కిరాయికి ఎక్కడ తెచ్చారు? మాదీ ఇదే కథ, కాకపోతే దూలం వేపది.

కొల్లాపూర్_మనవరాలు:

సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే ఏ షాపులోనైనా ఉంటాయి తమ్ముడూ. మరలు తుప్పు పట్టనివి ఏరుకో, తిప్పి చూసి తీసుకో. నీ దూలం వేపదంటే ముందు చివరలో సన్నని స్క్రూడ్రైవర్ గుచ్చి ఎంత లోతు దిగిందో ఇక్కడ రాయి. కోసేసిన దంతె ముక్కల్లో గట్టిగా ఉన్నవాటితో పెద్దాయన మాకు మూడు పీటలు చేసిచ్చారు. ఒకటి అమ్మ పక్కింటి బాబాయికి పంపింది.